ముదీర్ బిగించిన బుష్షులు

తిజారీ సామాను పనికిరాదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రియాద్‌లో కారు కంపెనీ ముద్ర ఉన్న సామానును అస్లీ అంటారు. బయటివాళ్ళు తయారుచేసి తక్కువ ధరకు అమ్మేది తిజారీ. నేను ఆ ఊళ్ళో పనిచేసినన్నాళ్ళూ నా చేతుల్లో నలిగింది ఎక్కువగా తిజారీయే. పద్ధతిగా బిగిస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బిగించడం రానివాడికి అస్లీ ఇచ్చినా ఒకటే, మట్టి ముద్ద ఇచ్చినా ఒకటే. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీకు ఇదంతా తెలిసే ఉంటుంది, అయినా వినండి. బిగించడంలో వచ్చిన ఒక తప్పు మా షెడ్డునంతా రోడ్డు మీద పడేసేదాకా తెచ్చింది.

మా షెడ్డు రియాద్ సనాయ్యాలో, అంటే వరసగా గ్యారేజీలే ఉండే పారిశ్రామిక వాడలో ఉండేది. కొత్త కార్లు మా దగ్గరికి వచ్చేవి కావు. ఒకప్పుడు ఏ గొప్పవాడో మోజుపడి కొని, రెండు మూడు చేతులు మారి, చివరికి ఒక బడిపంతులు చేతికో డ్రైవరు చేతికో వచ్చిన పెద్ద కార్లే మా గిరాకీ. వేగానికి పెట్టింది పేరైన ఎనిమిది సిలిండర్ల జర్మన్ బండ్లు. వాటి ఇంజన్లు దున్నపోతుల్లా బాగానే ఉండేవి, కీళ్ళే పోయేవి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులుంటాయి కదా, వాటి కీళ్ళలో ఉండే రబ్బరునే బుష్షు అంటాం. మన మోకాళ్ళలో గుజ్జు అరిగినట్టే అదీ అరుగుతుంది. డీలరు దగ్గరికి వెళితే రబ్బరు ఒక్కటే మార్చం, చెయ్యి మొత్తం మార్చాల్సిందే అంటాడు. మేమైతే పాత రబ్బరును ప్రెస్సు మీద నొక్కి బయటికి తీసి, తిజారీ బుష్షు ఎక్కించి పంపేవాళ్ళం.

ఇందులో ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి, ఈ కథకు అదే కావాలి. బండి లిఫ్టు మీద ఉండి చక్రాలు వేలాడుతున్నప్పుడు ఆ బోల్టులు పూర్తిగా బిగించకూడదు. నాలుగు చక్రాలూ ఆని, బరువంతా వాటి మీదికి దిగాకే బిగించాలి. అలా కాకుండా గాల్లోనే బిగించేస్తే రబ్బరు ఆ వేలాడే వాటంలోనే పట్టుబడిపోతుంది. బండి కిందికి దిగగానే మెలితిరుగుతుంది, ఇక ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది. అలాంటి రబ్బరు ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి. చిరిగిపోతుంది, అప్పుడు బ్రేకు కొడితే బండి ఒక పక్కకు లాగుతుంది.

షెడ్డుకు పెద్ద మేస్త్రీ ఒక అన్న. భీమవరం పక్కవాడు, చర్చికి వెళ్ళే మనిషి, ఎంత కోపం వచ్చినా గొంతు పెంచడు. నేను జగిత్యాల వైపువాణ్ణి, నా గొంతు మామూలుగానే పక్క షెడ్డుకు వినపడుతుంది. అయినా ఇద్దరికీ బాగా పొసిగింది. ఆయన భార్య, మా వదిన, అక్కడే ఒక ఆస్పత్రిలో నర్సుగా పనిచేసేది. తర్వాత ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఉద్యోగం మానేసి, అన్న అకామా మీద కుటుంబంగా చేరింది. అకామా అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డు. అది చెల్లుబాటులో ఉంటేనే ఇన్సూరెన్సు, ఇన్సూరెన్సు ఉంటేనే ఆస్పత్రి గుమ్మం ఎక్కనిస్తారు. అప్పటికే కుటుంబాల మీద తలకింత అని పన్ను వేసి, చాలామంది పెళ్ళాం పిల్లల్ని విమానం ఎక్కించి పంపేసేలా చేశారు. అన్న మాత్రం పంపలేదు, వైద్యం సగంలో ఉంది.

సౌదీవాళ్ళకు ఉద్యోగాలు ఇచ్చి తీరాలనే చట్టం, నితాకత్, వచ్చాక షెడ్డులకు రంగులు వచ్చాయి. సౌదీ మనుషులు ఉద్యోగంలో ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపులో ఉన్న షెడ్డులో గడువు తీరితే ఎవరి అకామానూ పొడిగించరు. మాది ఎరుపు. మా కఫీలు, అంటే మమ్మల్ని పెట్టుకున్న యజమాని, ముసలాయన, మంచివాడే గానీ కంప్యూటరు రంగు ముందు ఆయన మంచితనం ఏం పనిచేస్తుంది? ఊరంతా తిరిగి చివరికి తన దూరపు చుట్టాన్ని ఒకాయన్ని తెచ్చి పేరు రాయించాడు. మరుసటి రోజుకే మేం ఆకుపచ్చలోకి వచ్చాం.

మిగతా షెడ్డుల్లోలాగే ఆయన కూడా పేరు ఇచ్చి ఇంట్లో కూర్చుంటాడనుకున్నాం. లేదు. మర్నాడు పొద్దున్నే నీలం డాంగ్రీ వేసుకుని దిగాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, అంతకుముందు ఒక బ్యాంకు దగ్గర కాపలా. ముగ్గురు పిల్లలు. మా గిరాకీలాగే ఆయనకూ ఒక పాత ఎనిమిది సిలిండర్ల కారు, దాని మీద ప్రాణం. పని నేర్చుకుంటానన్నాడు. మేం ముఖాలు చూసుకున్నాం. ఆయన్ని ముదీర్ అని పిలవడం మొదలుపెట్టాం, అంటే మేనేజరు. ఎగతాళికే పెట్టాం, ఆయన నిజంగానే మర్యాద అనుకున్నాడు.

మంచి మనిషి, అది ముందే చెప్పాలి. వదిన సంగతి తెలిసిన రోజు నుంచి ప్రతి వారం మక్కాలోని పవిత్రమైన జమ్‌జమ్ నీళ్ళు తెచ్చేవాడు. ఆయన భార్య చేసిన షోర్బా అనే సూపు డబ్బాలో పెట్టుకొచ్చి, వేడి చేసి ఇవ్వమని అన్నకు మరీ మరీ చెప్పేవాడు. వదినకు ఏదీ పడని రోజుల్లో ఆ షోర్బా ఒక్కటే పడేది.

పని దగ్గరే వచ్చింది చిక్కు. ఆయన చేతుల్లో శ్రద్ధ ఉంది, బుర్రలో తొందర ఉంది. బుష్షును ప్రెస్సు మీద తిన్నగా ఎక్కించేవాడు, చూడముచ్చటగా ఉండేది. ఆ తర్వాత బండి గాల్లో ఉండగానే గాలి గన్ను పెట్టి బర్రుమని బోల్టులన్నీ బిగించేసేవాడు. మొదటిసారి చూసినప్పుడు నా నోరు లేవబోయింది. అన్న కళ్ళతోనే వద్దన్నాడు. ఆయన మనసు నొచ్చుకుని రేపు రాకపోతే? పేరు తీసేస్తే? ఎరుపు. ఇన్సూరెన్సు లేదు, ఆస్పత్రి లేదు. నేను నోరు మూసుకున్నాను.

ఆయన మా వంక చూసి ఎలా ఉంది అన్నాడు. అందరం ఒక్క గొంతుతో మియా మియా అన్నాం. నూటికి నూరు అని దాని అర్థం.

అక్కడ పడింది అలవాటు. ఆయన సాయంత్రం అస్ర్ నమాజుకు వెళ్ళి అటునుంచి అటే ఇంటికి పోయేవాడు. ఆయన వెళ్ళగానే మేం ఆ బండిని, మనిషి కిందికి దిగి పనిచేసే గుంట మీదికి తెచ్చి, చక్రాల మీద బరువు ఉంచి, కింది నుంచి ప్రతి బోల్టూ వదులు చేసి మళ్ళీ బిగించేవాళ్ళం. గిరాకీ ఆనందంగా వెళ్ళిపోయేవాడు. మర్నాడు ముదీర్ వచ్చి, నిన్నటి బండి ఏమన్నా ఫిర్యాదు చేసిందా అని అడిగేవాడు. లేదు ముదీర్, నీ చెయ్యి పడ్డాక ఫిర్యాదా అనేవాళ్ళం. నెలల తరబడి ఇదే నాటకం. ఒక మనిషికి ఇంత జాగ్రత్తగా పని రాకుండా చేసినవాళ్ళు సనాయ్యాలో మేం తప్ప ఇంకెవరూ ఉండరు. పైగా మా అంత మర్యాదస్తులు లేరని మాకు లోలోపల గర్వం కూడా.

ఆ గురువారం మధ్యాహ్నం ముదీర్ తన సొంత కారు వేసుకుని వచ్చాడు. బడులకు సెలవులు. తెల్లవారుజామున పిల్లల్నీ భార్యనీ ఎక్కించుకుని, కొండల మీదున్న తాయిఫ్ వెళ్తున్నాడట. అక్కడ రెండు రోజులుండి, కొండ ఘాటీ దిగి మక్కాకు ఉమ్రా యాత్రకు వెళతారట. ముఖం వెలిగిపోతోంది. కిందటి శుక్రవారం ఇంట్లో జాకీలు పెట్టి, ముందు చక్రాల బుష్షులన్నీ తనే మార్చుకున్నాడట, తిజారీవి కొని. పిల్లలు చుట్టూ నిలబడి చూశారట. ఎందుకో చిన్న కిచకిచ వస్తోంది, కాస్త స్ప్రే కొట్టి ఇవ్వమని అడిగాడు.

బండిని గుంట మీదికి తీసుకొమ్మని, టార్చి పట్టుకుని కిందికి దిగాను. అనుకున్నంతా అయింది. ప్రతి రబ్బరూ పిండిన బట్టలా మెలితిరిగి ఉంది. కుడి పక్కది ఒక అంచున అప్పుడే చిట్లింది. ఊళ్ళో నెమ్మదిగా తిరిగితేనే ఇలా ఉంటే, ఆ ఎండలో ఆ వేగంలో హైవే మీద రోజంతా పరుగెత్తి, ఆ పైన ఘాటీలో మలుపు మలుపుకూ బ్రేకు కొడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పైకి వచ్చి నాకు తోచిన అబద్ధం చెప్పాను. సామాను మోసం ముదీర్, ఈ తిజారీ మంచిది కాదు, చిట్లిపోయింది, బండి ఇక్కడ పెట్టి వెళ్ళు, మేం వేరేవి వేస్తాం అన్నాను. తిజారీని తిట్టడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు.

ఆయన నవ్వాడు. మీకెందుకు శ్రమ, దుకాణం తెరిచే ఉంటుంది, వేరే సెట్టు కొనుక్కుని రాత్రికి నేనే ఇంట్లో వేసుకుంటాను అన్నాడు. నేను వద్దన్నాను. నువ్వు పొద్దున్నే ప్రయాణం చెయ్యాలి, పడుకో, మేం చేస్తాం అన్నాను.

"సదీక్, మీరే కదా ఎప్పుడూ మియా మియా అనేది. నా పిల్లల బండికి నా చెయ్యి సరిపోదా?" అన్నాడు. సదీక్ అంటే స్నేహితుడు.

అన్న ఇదంతా విని నెమ్మదిగా చేతులు తుడుచుకుంటున్నాడు. ఆ తుడుచుకోవడం చూస్తేనే నాకు అర్థమైపోయింది. రెక్క పట్టుకుని కంప్రెసర్ వెనక్కి లాక్కుపోయాను.

"అన్నా, నీకేమన్న దిమాగ్ ఖరాబైందా? వచ్చే నెలనే నీ అకామా రెన్యువలు. ఆయన అలిగి పేరు తీసేస్తే వదిన సంగతేంది? ఇంకేదన్న సాకు జెప్పి బండి ఆపుదాం."

"ఏం సాకు చెప్తావ్? ఇవాళ ఆపుతావు. వచ్చే వారం మళ్ళీ ఆయనే బిగించుకుంటాడు, మనం నేర్పినట్టే," అన్నాడు అన్న. "ఆ బండిలో ముగ్గురు పిల్లలెక్కుతార్రా తమ్ముడూ. మా ఆవిడ మందుల కోసం వాళ్ళని ఆ ఘాటీ దింపమంటావా? సంగతి తెలిస్తే ఆవిడే నన్ను ఇంట్లోకి రానివ్వదు," అన్నాడు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఈ మనిషి మంచితనం తగలెయ్య, ఇదేనా సమయం అనుకున్నాను. అన్న అప్పటికే వెళ్ళి ముదీర్ ఎదురుగా నిలబడ్డాడు. సామాను మంచిదే అన్నాడు. బిగించిన తీరే తప్పు, ఆ తప్పు నీది కాదు, నీకు చెప్పని మాది అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. చూపిస్తానని గుంటలోకి దింపి, స్పానర్ ఆయన చేతికే ఇచ్చి, ఒక బోల్టు వదులు చెయ్యమన్నాడు. వదులు కాగానే లోపల రబ్బరు టక్కుమని విడిచింది. మెలి పోయి, బండి ఆ పక్క కాస్త కిందికి కుంగింది. ఆయన దాన్ని చూశాడు. పైకి ఎక్కి వచ్చాడు.

"మరి ఇన్నాళ్ళూ నేను చేసిన బండ్లు?" అన్నాడు.

అన్న తల దించుకోలేదు. అన్నీ నువ్వు వెళ్ళాక మేం విప్పి మళ్ళీ బిగించాం అన్నాడు.

"అన్నీ?"

"అన్నీ."

ముదీర్ మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. డాంగ్రీ తగిలించి ఉన్న మేకు దగ్గరికి వెళ్ళి దాన్ని తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. తాళాలు బల్ల మీద పెట్టి, రోడ్డు మీదికి నడిచి టాక్సీ ఎక్కాడు. మేం ఆ బండికి చిట్లిన బుష్షు మార్చి, అన్నీ బరువు మీద బిగించి పెట్టాం. శనివారం ఆయన తమ్ముడు వచ్చి బండి తీసుకెళ్ళాడు. ముదీర్ కుటుంబం తన కారులో తాయిఫ్ వెళ్ళిందని చెప్పాడు, అంతే.

సెలవులు అయిపోయాయి, ముదీర్ రాలేదు. కఫీలు వచ్చి మా మీద విరుచుకుపడ్డాడు. ఆ మనిషిని ఏం చేశారు, ఇక షెడ్డు మొహం చూడనంటున్నాడు అని అరిచాడు. ఏం చేశామని చెప్పగలం? ఎక్కువ గౌరవించాం అని చెప్పాలా? అన్న జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ముసలాయన తల పట్టుకుని టైర్ల మీద కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. పొద్దున షెడ్డు తెరవగానే అన్న కఫీలు కొడుక్కు ఫోన్ చేసి రంగు అడిగేవాడు. ఆకుపచ్చే అనేవాడు అతను. అప్పుడు పనిలోకి దిగేవాడు. నేను రెండు రోజులు అన్నతో మాట్లాడలేదు, మూడో రోజు వదిన నాకే ఫోన్ చేసి, మీ అన్నని తిట్టావంట, ఈసారి నన్ను తిట్టు బాబూ, చెప్పమన్నది నేనే అనుకో అంది. ఆ మాటకు నేను బాత్‌రూములోకి పోయి ఏడ్చాను. ఏడవడానికి సనాయ్యాలో వేరే చోటు లేదు.

రంగు మారలేదు. రెన్యువలు తేదీ వచ్చింది, అకామా కొత్తదైంది, ఇన్సూరెన్సు కూడా. ఆ కార్డు అన్న చేతిలో పెట్టినప్పుడు కఫీలు అసలు సంగతి చెప్పాడు. ముదీర్‌కు ఒక పెద్ద డీలరు వర్క్‌షాపులో ఉద్యోగం వచ్చిందట. మొదటి నుంచీ పద్ధతిగా పని నేర్పించే ఉద్యోగం. కానీ ఇక్కడ పేరు తీసేస్తే గానీ అక్కడ చేరడానికి లేదు. పేరు తియ్యొద్దని ఆయనే కఫీలుకు చెప్పాడట. కొన్నాళ్ళు ఆగమని ఆ డీలరును బతిమాలితే, వాళ్ళు ఆగలేదట. ఆ చోటు ఇంకెవరికో వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం అన్న, వదిన, నేను ముదీర్ ఇంటికి వెళ్ళాం. వదిన తలకు గుడ్డ కట్టుకుని, ఓపిక లేకపోయినా తనే చేసిన సున్నుండల డబ్బా దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన తలుపు తీసి, వదిన్ని లోపల ఆడవాళ్ళ దగ్గరికి పంపించాడు. మమ్మల్ని మగవాళ్ళు కూర్చునే మజ్లిస్‌లో కూర్చోబెట్టి గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోశాడు. ఖర్జూరాలు ముందుకు జరిపాడు. మర్యాదలో ఏ లోటూ లేదు. మా వంక మాత్రం చూడలేదు.

అన్న క్షమించమని మొదలుపెట్టాడు. ఉద్యోగం సంగతి తెలిసిందని, మాకోసం ఇంత పని చేస్తావనుకోలేదని ఏదో చెప్పబోయాడు. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. లోపల వదినకు అరబ్బీ రాదు, ఆయన భార్యకు తెలుగు రాదు, అయినా ఇద్దరూ దేనికో నవ్వుకుంటున్నారు.

"మీకోసం చెయ్యలేదు," అన్నాడు ముదీర్. "నా కోపం మీ మీద, ఆమె మీద కాదు. ఆమె ఆస్పత్రి అయిపోయేదాకా నా పేరు అక్కడే ఉంటుంది. ఆ తర్వాత తీసేయించుకుంటాను. ఇంకెప్పుడూ నా దగ్గరికి రాకండి."

అని, ఖాళీ అయిన మా కప్పుల్లో మళ్ళీ గహ్వా పోశాడు.